ఎవురూ నొక్కని బటన్

జాతర ఇంకా మూడు దినాలుందనంగా మా లాప్‌టాప్ లేవలేదు.

లేవలేదంటే పూర్తిగా చచ్చింది గాదు. స్విచ్చి నొక్కితే కుయ్ కుయ్ కుయ్ అని కూస్తాది, గంప కింద ఇరుక్కున్న కోడిపిల్ల మాదిరి. తెర నల్లగా అవుతాది, ఇంగ్లీషులో నాలుగు వరసలొస్తాయి, గబుక్కున ఆరిపోయి మళ్ళా మొదట్నించి కూస్తాది. శనివారం పొద్దన్నే అయిదు మార్లు చూసినా. ఆరో మాటు మూత మూసి, దాని మింద అరచెయ్యి పెట్టి, "ఈ మూడు దినాలు గడిపీవే తల్లీ, ఆ తర్వాత నువ్వు పడుకో, నేనేమీ అనను" అని చెప్పినా. తెరిస్తే అదే కూత.

మాది సీరియల్ సెట్టు పని. తిరునాళ్ళకీ జాతరలకీ సవుకు కట్టెలు నిలబెట్టి, మిద్దె కన్నా ఎత్తుగా చట్రం కట్టి, దాని నిండా రంగు బల్బులు గుచ్చి దేవుళ్ళ బొమ్మలు వెలిగిస్తాం. చంద్రగిరిలో అంగడి. మా ఇంటాయన పెట్టినాడు. ఆయన పోయి రెండేండ్లయింది. ఇప్పుడు నేనూ మా మరిదీ నడుపుతా ఉండాం. కట్టెలు ఎక్కేదీ వైర్లు లాగేదీ మరిది పని. బొమ్మ నాది.

బొమ్మ నాదంటే కొందరు నవ్వుతారు. నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. ఇది గూడా నేను చెప్తా ఉంటే మా పాప రాస్తా ఉండాది. కానీ బొమ్మకి కావాల్సింది అచ్చరాలు గాదు, చుక్కలు. యాడ బల్బు వెలగాల, యాడ ఆరాల, అంతే గదా. అది ముగ్గే. అంగడి ఎనక గదిలో బండల మింద నేను ముగ్గుపిండితో చుక్కలు పెడతా ఉంటే, ఆయన ముక్కాలిపీట మింద లాప్‌టాప్ పెట్టుకోని, నేను పెట్టింది పెట్టినట్టు లోపలికి ఎక్కిచ్చేవాడు.

"ఈ వరసలో ఎన్ని?"

"ఎడం పక్క పదకొండు. నడిమిన రెండు వదులు. అది ముక్కు."

"ముక్కేందే ఇంత చప్పిడిగా పెట్టినావు? నీ ముక్కు చూసి పెట్టినావా?"

"నా ముక్కు చూసే గదా కట్టుకున్నావు. మూసుకోని ఎక్కిచ్చు."

ఒక్కో వరస అయినప్పుడల్లా కుడి పక్క ఉండే పెద్ద బటన్ని చిటికెన వేలితో టక్కుమని కొట్టేవాడు. ఎంటర్ అంటారు దాన్ని. ఆ శబ్దం వినపడితే నేను తరవాతి వరసకి వంగేదాన్ని.

అట్ల చేసిన బొమ్మల్లో పెద్దది గంగమ్మ మొగం. చిత్తూరు పక్కన ఒక పల్లె జాతర కోసం చేసినాం. ముందర అమ్మ కండ్లు మూసుకోని వస్తాది. జనం కేకలు పెడతా ఉంటే రెప్పలు ఒక్కో వరసే పైకి లేస్తాయి. ఏడు వరసలు. ఏడోది లేచేసరికి కంటి నడిమిన ఎర్ర బల్బు వెలుగుతాది. ఆ ఊర్లో అమ్మ కన్ను తెరిచినాకే నైవేద్యం అంబలి కుండలు గుడికి కదులుతాయి. అది మేము పెట్టిన ఆచారం గాదు, ఎట్లనో దానంతట అదే అయిపోయింది.

ఈ ఏడు ఊరి పెద్దాయన ముందుగానే ఫోన్లో చెప్పినాడు. "మే, నీ మొగుడుండంగా మాకు దిగుల్లేదు. ఇప్పుడు నువ్వు. అమ్మ కన్ను తెరవకపోతే మా ఊరికి అరిష్టమంటారు. నీ వల్ల కాదంటే ఇప్పుడే సెప్పు, పుత్తూరు పక్క సెట్టు వాళ్ళు ఎదురు సూస్తా ఉండారు. వాళ్ళొకసారి అడుగు పెట్టినారంటే మళ్ళా నీకు దావ లేదు."

"నా వల్ల అవుతాది" అన్నా. అవుతుందో లేదో ఆలోచన గూడా చేయలేదు. బొమ్మ నేను పెట్టిన చుక్కలే గదా అని ధైర్యం.

ఆ ధైర్యంతోనే తప్పు చేసినా. దీపాల డబ్బాలో గోరంత కార్డు ఒకటుంటాది. లాప్‌టాప్‌లో ఉండే బొమ్మని ఆ కార్డుకి ఎక్కిచ్చి డబ్బాలో పెడితే, బల్బులు దాని మాట వింటాయి. ఆయన పోయినాక వచ్చిన మొదటి జాతర పాత కార్డుతోనే గడిచిపోయింది. ఆ జాతర కడాకి వాన కొట్టి, డబ్బాలోకి నీళ్ళు దిగి కార్డు చెడిపోయింది. మళ్ళా ఎక్కిచ్చుకుంటే పోతాది గదా అని ఊరుకున్నా. మిగిలిన బొమ్మలకి కార్డులుండాయి గాబట్టి లాప్‌టాప్ తెరిచే పని పడలేదు. దసరా ఆయుధపూజకి తెరిచిందే, మళ్ళా జాతరకి మూడు దినాల ముందర తెరిచినా.

ఇంకో కంప్యూటర్లో చేసుకోవచ్చు గదా అంటారు. కుదరదు. ఆ బొమ్మని తెరిచే ప్రోగ్రాము పాత సిస్టంలో తప్ప కొత్త దాంట్లో నోరు తెరవదు. ఆ పాత సిస్టం ఉండేది ఈ ముసలి లాప్‌టాప్‌లోనే.

శనివారమే దాన్ని వైరు బుట్టలో పెట్టుకోని, పైన తువ్వాలు కప్పుకోని తిరుపతి బస్సెక్కినా. బస్టాండు ఎనకాల సందులో రిపేరు అంగడి ఉండాది. ఆయప్పకి నలభై ఏండ్లుంటాయి, మా ఇంటాయనకి తెలిసినోడు. పని నేర్పరి, నోరు గూడా నేర్పరే. రెండు మార్లు ఆన్ చేసి చూసి పెదవి విరిచినాడు.

"అక్కా, దీనికి వయసైపోయింది. మనిషైతే ఈపాటికి పింఛను వచ్చేది."

"పింఛను వచ్చేవాళ్ళే మా పక్క చేను దున్నతా ఉండారప్పా. నువ్వు పని చూడు."

"సిస్టం చెడిపోయింది. ఫార్మాట్ కొట్టి మళ్ళా ఎక్కియ్యాల."

"కొట్టు. కానీ దీంట్లో రెండు గదులుండాయి. ముందర గది కూలగొట్టి కట్టుకో. ఎనక గది ముట్టుకోవద్దు. బొమ్మలన్నీ ఆడ ఉండాయి."

ఆయప్ప నా మొగం చూసినాడు. "డ్రైవుల గురించి నీకెవురు సెప్పినారు?"

"చెప్పినాయన పోయినాడు. మాట ఉండాది."

నిజంగానే మా ఇంటాయన ఆ మాటే చెప్పినాడు, ఒకసారి గాదు, పదిసార్లు. ఇంట్లో ఆయనే రెండు మార్లు సిస్టం ఎక్కిచ్చినాడు. నేను పక్కన కూసోని వక్కాకు నమలతా చూసినా. డిస్కు పెడతాడు. నల్ల తెర మింద తెల్లగా ఒక్క వరస వస్తాది. ఆ వరస కడాన చుక్కలు పడతాయి, ఒకటి, రెండు, మూడు, మెల్లిగా, ఊపిరి తీసుకున్నట్టు. మొదటి మాటు ఆ చుక్కలు పడతా ఉండంగానే ఏదో ఒక బటన్ నొక్కేవాడు. డిస్కు లోపలికి పోయి పని మొదలు పెడతాది. రొంత సేపటికి అదే ఆరి మళ్ళా వెలుగుతాది. మళ్ళా అదే వరస, అవే చుక్కలు. ఈ మాటు మాత్రం రెండు చేతులూ చంకల్లో పెట్టుకోని కూసునేవాడు.

"ఇప్పుడు ముట్టుకోగూడదు. ముట్టుకుంటే చేసిన పనంతా వదిలేసి మళ్ళా మొదటికి పోతాది" అని చెప్పినాడు. చుక్కలన్నీ పడి అయిపోయినాక దాని పాటికి అది ముందుకి పోయేది. చలికి వణికే మనిషి మాదిరి ఆయన చేతులు చంకల్లో పెట్టుకోని కూసోవడం నాకు నవ్వు. అందుకే గుర్తుండాది.

ఆదివారం మధ్యాన్నం రిపేరాయన ఫోన్ చేసినాడు. ఎక్కడం లేదంట. ఎంతసేపు ఎక్కిచ్చినా మళ్ళా మొదటికే వస్తా ఉండాదంట. నడిమిన డిస్కు బయటికి లాగి చూసినాడంట. అప్పుడు ముందుకి పోయిందిగానీ, డిస్కు పెట్టమని అడిగి, పెట్టే లోపలే ఫైలు దొరకలేదని ఆగిపోయిందంట. వేరే డిస్కు పెట్టినాడు, మెమరీ ముక్క మార్చినాడు, అదే కథ.

"హార్డ్ డిస్కే పోయినట్టుందక్కా. బొమ్మలు గూడా వస్తాయో రావో సెప్పలేను."

ఫోన్ పెట్టేసి చూస్తే వాకిట్లో మా మరిది నిలబడుండాడు. అంతా విన్నాడు.

"వదినా, పెద్దాయనకి ఫోన్ సేసి సెప్పేద్దాం. మనమే ముందుగా సెప్తే మర్యాదగా ఉంటాది. మంగళారం సాయంత్రం కట్టెలెక్కి సీకట్లో నిలబడితే నవ్వులపాలు."

"నువ్వు కట్టెలు పంపినావా?"

"నిన్ననే పంపినా. సట్రం గూడా కట్టేసినా. అందుకే సెప్తా ఉండా, ఇప్పుడైతే సట్రం ఆ పుత్తూరు పక్క వాళ్ళకి ఇడిసిపెట్టి రావచ్చు."

"కట్టిన చట్రం వేరే వాళ్ళ చేతిలో పెట్టేదానికా నువ్వు సవుకు కట్టెలు మోసింది?"

"మొండితనం పనికి రాదు వదినా. అన్న ఉంటే ఏదో ఒకటి సేసేవాడు."

"అన్న ఉంటే ఏం చేసేవాడో నాకు తెలుసు. ముందర ఒక టీ తాగేవాడు. పొయ్యి మింద పాలు పెట్టు పో."

వాడికి కోపమొచ్చింది గానీ పాలు పెట్టినాడు.

సోమవారం పొద్దన్నే ఇద్దరం తిరుపతికి పోయినాం. రిపేరాయన అప్పటికే లాప్‌టాప్ని బుట్టలో పెట్టి, ఇచ్చేసేదానికి తయారుగా ఉండాడు. నేను స్టూలు లాక్కోని కూసున్నా.

"ఒకసారి నా ముందర చెయ్యి."

"అక్కా, పదిసార్లు సేసినా."

"పదకొండోసారి నా కోసం చెయ్యి. నేను చూసిపోతా."

ఆయప్ప నిట్టూర్చి డిస్కు పెట్టినాడు. కూత కూసింది. "ఇదేందప్పా, ఇట్ల కూస్తా ఉండాది?" అంటే, "పాత బండ్లన్నీ కూస్తాయక్కా" అన్నాడు. నీలం తెర వచ్చింది. పని జరుగుతా ఉండాది. ఆయప్ప టీ తెప్పిచ్చినాడు. రొంత సేపటికి తెర ఆరింది, మళ్ళా వెలిగింది, మళ్ళా కూసింది, తెల్ల వరస వచ్చింది. వచ్చిందో లేదో, రెప్ప కొట్టే లోపల నీలం తెర మళ్ళా వచ్చి మొదట్నించి మొదలైంది.

"సూసినావా? ఇదే వరస" అన్నాడు.

నేను ఇంకా ఆ నల్ల తెర దగ్గరే ఉండా. ఏదో తక్కువైంది. ముగ్గులో ఒక చుక్క తప్పితే ఎట్ల తెలుస్తాదో అట్ల తెలిసింది.

"అప్పా, చుక్కలేవి?"

"ఏం సుక్కలు?"

"ఆ తెల్ల వరస కడాన చుక్కలు పడాల గదా. ఒక్కోటే. మా ఇంటాయన చేసినప్పుడు పడేవి. ఇప్పుడు ఒక్కటి గూడా పడలేదు. నువ్వేమన్నా నొక్కినావా?"

"నేనెందుకు నొక్కుతా? సేతులు టీ గ్లాసు మింద ఉండాయి."

"మరి ఎవురు నొక్కినారు?"

ఆయప్ప నవ్వినాడు. "అది ఆటోమేటిక్ డిస్కక్కా. మనం నొక్కే పని లేకుండా అన్నిటికీ అదే జవాబు సెప్పుకుంటాది. అందుకే మేము అదే వాడతాం."

"డిస్కు లోపలికి పోయినాక గదా అది జవాబు చెప్పేది? ఈ వరస వచ్చేది అది లోపలికి పోక ముందర. గడప బయట నిలబడినోడు లోపలి గొళ్ళెం ఎట్ల తీస్తాడప్పా?"

మా మరిది నోరు తెరుచుకోని నన్ను చూస్తా ఉండాడు. రిపేరాయన టీ గ్లాసు కింద పెట్టినాడు. తరవాత స్విచ్చి పట్టుకోని ఆపేసి, తెర పక్కకి వంచి, బటన్లన్నిటి మిందా వేలు పెట్టి నిమరతా వచ్చినాడు. పైనించి కిందికి, ఎడం నించి కుడికి. కుడి పక్కకొచ్చి వేలు ఆగింది.

"ఇది దిగబడి ఉండాదే" అన్నాడు. "పైకి లేస్తా లేదు. అది నొక్కుకోనే ఉండాది. ఎవురో దీంట్లో ఏదో పోసినారు."

పెద్ద బటన్. ఎంటర్.

ఎవురు పోసినారో నాకు తెలుసు.

ఆయన పోయిన ఏడు ఆయుధపూజ. అంగడిలో సామాన్లన్నీ కడిగి వరసగా పెట్టినాం. నిచ్చెన, కటింగ్ ప్లేయరు, టెస్టరు, జనరేటరు, వైరు చుట్టలు, లాప్‌టాప్. ఎప్పుడూ గంధం తీసేదీ బొట్లు పెట్టేదీ నేనే. ఆ ఏడు గిన్నె చేతిలోకి తీసుకుంటే మా అత్త మెల్లిగా అనింది, "నువ్వు పక్కన నిలబడు మే. బొట్లు సిన్నోడు పెడతాడు." ఆమెని తప్పు పట్టను. మా మామ పోయినాక ఆమె గూడా ముప్పై ఏండ్లు అట్లనే పక్కన నిలబడింది. మరిది బొట్లు పెట్టినాడు. లాప్‌టాప్‌కి మూత మింద ఒక బొట్టు, ఒక బంతిపువ్వు. గుమ్మడికాయ కొట్టినారు, బొరుగులూ బెల్లమూ పంచినారు, అందరూ పోయినారు.

నేను తలుపు దగ్గరేసి, మూత తెరిచినా. బొట్టు బయట పెడితే ఆయనకేం అందుతాది? ఆయన వేలు పడింది లోపల. గంధంలో పసుపు కలిపి, వేలి నిండా తీసుకోని, ఆ పెద్ద బటన్ మింద అద్దినా. పైన కుంకం పెట్టినా. పక్కల్లోకి కారినా తుడవలేదు. రెండు బొరుగులు గూడా పెట్టినా, ప్రసాదం. పోయిన దసరాకి మళ్ళా అదే పని, ఈసారి ఇంకా మందంగా. ఎవురికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాల. చెప్పకపోతే ఆయప్ప ఏదో నీళ్ళో టీయో అనుకోని బోర్డంతా విప్పుతాడు. పక్కన మరిది ఉండాడు. వాడే గదా ఆ రెండేండ్లూ బొట్లు పెట్టింది.

"ఎవురూ పోయలేదప్పా" అన్నా. "నేను బొట్టు పెట్టినా. గంధం, పసుపు, కుంకం. ఆయుధపూజకి. రెండు మార్లు."

మరిది నా పక్కకి తిరిగినాడు. "నువ్వా?"

"నేనే. తలుపేసుకోని పెట్టినా. ఏం చేస్తావు?"

వాడు ఆ బటన్నే చూస్తా ఉండిపోయినాడు. తరవాత, "అన్న టక్కుమని కొట్టేది దీన్నే గదా వదినా" అన్నాడు. అంతే. నేను రవికకి గుచ్చుకున్న పిన్నీసు తీసినా.

"నేను ఊడదీస్తాక్కా, నువ్వు ముట్టుకోవద్దు" అన్నాడు రిపేరాయన.

"నేను పెట్టిందాన్ని నేనే తీస్తా. జరుగు."

పిన్నీసు మొన కింద దూర్చి పైకి లేపితే బటన్ టప్పుమని ఎగిరి వచ్చి ఆయప్ప చొక్కా మింద పడింది. కింద చూడాల. పసుపూ ఎరుపూ కలిసి గట్టి పెచ్చు కట్టుకోని ఉండాది, గడపకి ఏండ్ల తరబడి పూసిన పసుపు మాదిరి. దాని నడిమిన ఒక బొరుగు, బెల్లం పట్టుకోని చెక్కు చెదరకుండా కూసోనుండాది. రిపేరాయన నవ్వు ఆపుకోలేకపోయినాడు.

"అక్కా, నా జీవితంలో వైరస్ సూసినా, ఎలుకలు సూసినా, సీమలు సూసినా. ప్రసాదం సూడడం ఇదే మొదలు."

"కండ్లకద్దుకోని తియ్యి. నవ్వబాకు."

నిజంగానే కండ్లకద్దుకున్నాడు, తరవాత బ్రష్షూ స్పిరిటూ తెచ్చినాడు. నేను పిన్నీసుతో గీకినా, ఆయప్ప తుడిచినాడు. అయితే బటన్ మళ్ళా కూసోలేదు. దాని కింది కొక్కెం విరిగిపోయింది. నడిమిన రబ్బరు బొడిపె ఒకటి మిగిలింది. వేలితో ఒత్తితే పని చేస్తాది. చాలు అన్నా.

మళ్ళా డిస్కు పెట్టినాడు. ఈసారి ఆన్ చేస్తే కూత లేదు. అంగడంతా నిశ్శబ్దం. ఆ కూత కూడా ఇరుక్కున్న బటన్ కూతేనని ఆయప్ప అప్పుడు చెప్పినాడు, రొంత సిగ్గుగా. బటన్ బిగుసుకుంటే పాత బండ్లు అట్ల అరిచి చెప్తాయంట. చెప్తానే ఉండాది పాపం, మేమే వినలేదు. ఈ మాట విన్నాక మా మరిది మెల్లిగా అడిగినాడు, "అంటే మొదట సిస్టం సెడిపోనే లేదా?" రిపేరాయన డిస్కు డబ్బా తుడవడం మొదలు పెట్టినాడు.

మొదటి పని అయింది. తెర ఆరింది, వెలిగింది. తెల్ల వరస వచ్చింది.

చుక్క. రొంత ఆగి ఇంకో చుక్క. ఇంకోటి.

నాకు తెలీకుండానే రెండు చేతులూ చంకల్లో పెట్టేసుకున్నా. పక్కన చూస్తే మరిది గూడా అట్లనే కూసోనుండాడు. చుక్కలన్నీ పడినాయి. ఎవురూ ఏమీ నొక్కలేదు. దాని పాటికి అది ముందుకి పోయింది.

అప్పుడు గూడా లోపల ఒక దిగులుండాది. పది మార్లు ఆ బటన్ తనకు తానే నొక్కుకుంటా పరిగెత్తింది గదా, ఎనక గదిని తొక్కేసిందేమో. సాయంత్రం అయిదు దాటినాక సిస్టం పూర్తిగా ఎక్కింది. రిపేరాయన ఎనక గది తెరిచినాడు. పసుపు పచ్చ సంచుల బొమ్మలు వరసగా ఉండాయి. వాటి పేర్లు నాకు చదవడం రాదు. ఆయన ఎట్ల పెట్టినాడో ఆ వరస మాత్రం తెలుసు. "మూడోది ప్రోగ్రాము, అది ముందర ఎక్కిచ్చు. అయిదోది తెరువు" అన్నా. తెరిస్తే తెర మింద చుక్కలు చుక్కలుగా అమ్మ మొగం. చప్పిడి ముక్కుతో సహా. కండ్లు మూసుకోని.

కార్డుకి ఎక్కిచ్చేటప్పుడు కడాన ఎంటర్ కొట్టాల. రిపేరాయన వేలు చాపినాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి, నా చిటికెన వేలితో ఆ రబ్బరు బొడిపెని ఒత్తినా. టక్కుమని శబ్దం రాలేదు. మెత్తగా దిగింది.

మంగళవారం సాయంత్రం పల్లెకి పోయేసరికి చట్రం దగ్గర జనం ఉండారు. ఏమన్నా తేడా వస్తే మళ్ళా ఎక్కిచ్చేదానికి లాప్‌టాప్ గూడా తెచ్చి పక్కన తెరిచి పెట్టుకున్నా. కార్డు డబ్బాలో పెట్టినా. వైరు వైరూ చేత్తో పట్టుకోని చూసుకున్నా. పెద్దాయన కర్ర పట్టుకోని వచ్చినాడు. నన్ను చూసి, లాప్‌టాప్‌ని చూసి, "ఏమే, నీ కంప్యూటర్కి ఒక పన్ను ఊడిపోయిందే" అన్నాడు.

"ముసల్ది గదా. కానీ నమిలేదానికి ఏం కొదవ లేదు. మీకూ అంతే గదా."

ఆయన బోసినోటితో పెద్దగా నవ్వినాడు. పొద్దు గూకింది. పలక డప్పులు మోగినాయి. స్విచ్చి ఆయనే వేసినాడు, అది వాళ్ళ ఊరి వరస.

చట్రం నిండా అమ్మ మొగం వెలిగింది. కండ్లు మూసుకోనుండాది. జనం కేకలు. నేను మొగం చూడలేదు, రెప్పల దగ్గర కింది వరస మాత్రమే చూస్తా ఉండా. ఒకటో వరస లేచింది. రెండు. మూడు. నాలుగో వరసలో ఎడం పక్క ఒక బల్బు వెలగలేదు, అది బల్బు దోషం, బొమ్మది గాదు. అయిదు. ఆరు. ఏడు. ఎర్ర బల్బు వెలిగింది. అంబలి కుండలు తలకెత్తుకున్న ఆడోళ్ళు కదిలినారు.

పెద్దాయన నా పక్కకొచ్చి నిలబడినాడు. "నాలుగో వరసలో ఒగ బల్బు ఆరిపోయి ఉండాది" అన్నాడు.

"చూసినా. వచ్చే ఏడు మారుస్తా."

"ఊఁ. వచ్చే ఏడు మార్సు" అన్నాడు. పుత్తూరు పక్క వాళ్ళ మాట మళ్ళా ఎత్తలేదు.

మా మరిది ఇంటికొచ్చినాక ఈ కథంతా మా అత్తకి చెప్పేసినాడు. బొట్టు సంగతి, బొరుగు సంగతి, పిన్నీసు సంగతి, ఏదీ వదల్లేదు. ఆమె విని ఒక వక్క నోట్లో ఏసుకోని లోపలికి పోయింది. ఎండలు పోయినాయి, వానలొచ్చినాయి, దసరా వచ్చింది.

ఆయుధపూజ నాడు సామాన్లన్నీ కడిగి వరసగా పెట్టినాం. నేను అలవాటుగా గోడ పక్కకి జరిగి నిలబడినా. మరిది గంధం గిన్నె తీసుకునేదానికి వంగినాడు. మా అత్త వాడి చెయ్యి పక్కకి నెట్టి, గిన్నె తీసి, అందరూ చూస్తా ఉండంగానే నా చేతిలో పెట్టింది.

"మూత మింద పెట్టు" అనింది. "లోపల బటన్ల మింద పెట్టినావంటే మాత్రం సెయ్యి ఇరగ్గొడతా."